తాడు వదిలేసిన రష్యా, కొంగు బిగించిన అమెరికా

చాలా ఏళ్ళుగా పదో తరగతి పిల్లలకు మొదటి ప్రపంచ యుద్ధం చెబుతున్నాను. పిల్లలు అడ్డు ప్రశ్నలు వేయరు. కారణాలు రాయమంటే కారణాలు రాస్తారు, ఫలితాలు రాయమంటే ఫలితాలు రాస్తారు, గంట కొట్టగానే యుద్ధాన్ని సంచిలో కుక్కుకుని ఇంటికి పోతారు. ఆ పాఠంలో నాకు చెమటలు పట్టించింది మాత్రం ఆదివారం బడి.

చార్మినార్ నుంచి నడిచి రాగలిగినంత దూరంలో, ఒక గల్లీ చివర మా సర్కారు బడి ఉంటుంది. చిన్నప్పుడు చదువు ఆగిపోయిన ఆడవాళ్ళకు ఆదివారం పొద్దున అక్కడే ఓపెన్ టెన్త్ క్లాసులు నడుపుతాం. నేను సోషల్ చెబుతాను. ఒకామెకు ప్రమోషన్ కావాలి, ఒకామెకు అంగన్‌వాడీలో ఉద్యోగం కావాలి, ఒకామెకు కూతురి ముందు వేలిముద్ర వేయడం నామోషీ. పిల్లల బెంచీల్లో మోకాళ్ళు పట్టక పక్కకు తిరిగి కూర్చుని పాఠం వినేవాళ్ళు.

మా నాన్న ప్రభుత్వోద్యోగం మీద కాకినాడ నుంచి వచ్చి మలక్‌పేటలో ఇల్లు తీసుకున్నారు. నేను పుట్టింది, పెరిగింది ఇక్కడే అయినా, ఇంట్లో పట్టుకున్న భాష నాలుక వదల్లేదు. నేను 'వెళ్ళాను' అంటే క్లాసంతా కిసుక్కున నవ్వేది. "మేడం, మీరు పేపర్ల రాసినట్టు మాట్లాడ్తరు" అన్నదొకామె. అది మెచ్చుకోలో వెక్కిరింతో ఇప్పటికీ తెలియదు.

ఆ క్లాసులో మలక్‌పేట ఉల్లిగడ్డల మార్కెట్లో పనిచేసే ఒకామె ఉండేది. అందరూ ఆమెను ఉల్లిగడ్డల అక్క అనేవాళ్ళు. బస్తాలు గుంజి గుంజి ఆమె చేతులు రోకళ్ళలా తయారయ్యాయి. ఏ మాటనూ ఊరికే నమ్మే మనిషి కాదు. ఉల్లిగడ్డను పొర వలిచి చూసినట్టే పాఠాన్నీ వలిచి చూసేది. ఒక ఆదివారం కందకాల యుద్ధం గురించి చెప్పి, బోర్డు తుడవబోతుంటే చెయ్యెత్తింది.

"మేడం, ఓ మాట. ఇటోళ్ళు గుంతల్ల కూసున్నరు. అటోళ్ళు గుంతల్ల కూసున్నరు. ఎవ్వలు ముంగటికి వస్తలేరు, ఎనుకకు పోతలేరు. ఏండ్లకేండ్లు గట్లనే ఉన్నరంటిరి. మరి ఎట్ల ఒడిసింది లొల్లి?"

పుస్తకంలో ఉన్న జవాబు నా నాలుక చివరే ఉంది. "1917లో రష్యాలో విప్లవం వచ్చింది. రష్యా యుద్ధం నుంచి తప్పుకుంది. అదే ఏడాది అమెరికా యుద్ధంలోకి దిగింది. దాంతో యుద్ధగతి మారిపోయింది."

"అంటే ఒకలు పోయిండ్రు, ఒకలు వచ్చిండ్రు."

"అంతే."

"మరి లెక్క బరాబరే గద. మారిందేంది?"

క్లాసు నా వైపు చూసింది. నేను చాక్‌పీసు వైపు చూశాను. ఇన్నేళ్ళలో ఏ పిల్లవాడూ ఈ మాట అడగలేదు. తప్పుకోవడానికీ వచ్చి చేరడానికీ మధ్య ఏదో జరిగిందని తెలుసు, దాన్ని ఒక్క వాక్యంలో చెప్పలేనని కూడా తెలిసింది. వచ్చే ఆదివారం చెబుతానని బయటపడ్డాను.

ఆ వారంలో ఒకరోజు పిల్లలు గ్రౌండులో తాడు లాగే ఆట ఆడుతుంటే కిటికీలోంచి చూశాను. బడి తాడు సగంలో తెగి రెండు జట్లూ చెరోవైపు వెల్లకిలా పడ్డాయి. నాకు ఉపాయం తట్టింది. సాయంత్రం నేరుగా ఉస్మాన్‌గంజ్ పోయాను. అక్కడ గోనె సంచులు, తాళ్ళు అమ్మే దుకాణంలో ఒక పెద్దాయన గద్దె మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

"గట్టి తాడు కావాలి భాయ్. పొడుగ్గా ఉండాలి."

"దేనికమ్మా? లారీకా, బర్రెకా?"

"యుద్ధానికి."

ఆయన సాసర్ కింద పెట్టి నన్ను పైనుంచి కిందికి చూశాడు. బడి అని, పాఠమని, ఆడవాళ్ళని విడమరిచి చెప్పాను. "ఆడోళ్ళు లాగుడా? అయితే లారీ తాడే ఇయ్యాలె" అని లోపలికి కేకేసి, అన్నింటికన్నా లావైన చుట్ట తెప్పించాడు. సగానికి కోసి రెండు చేయించుకున్నాను. ఎందుకు రెండని అడిగితే, నడుమ ఉన్నవాణ్ణి రెండు వైపుల నుంచీ లాగాలని చెప్పాను. "అచ్ఛా, మా ఇంట్ల నా లెక్క" అన్నాడాయన, అమ్మకూ భార్యకూ మధ్య తన పరిస్థితిని తలుచుకుని కాబోలు.

ఆదివారం వచ్చింది. ఎండ అప్పటికే గోడల మీదికి ఎక్కుతోంది. గ్రౌండులో ముగ్గుపిండితో గీతలు గీశాను. నడుమ జర్మనీ, దాని దోస్తులు. ఆ జట్టుకు ఉల్లిగడ్డల అక్కను పెద్దగా పెట్టాను. ప్రశ్న ఆమెదే కాబట్టి దెబ్బ కూడా ఆమెకే తెలియాలనుకున్నాను. ఆమె జట్టులో సగం మంది పడమటి తాడు పట్టుకున్నారు, సగం మంది వీపులు తిప్పి తూర్పు తాడు పట్టుకున్నారు. పడమటి కొసన ఇంగ్లండు, ఫ్రాన్సు. తూర్పు కొసన రష్యా. రష్యాకు జనం ఎక్కువ కనుక అటు ఎక్కువ మందిని నిలబెట్టాను.

రష్యాకు పెద్ద ఎవరన్నప్పుడు ఎవరూ ఆలోచించలేదు. ఒక పెద్ద సర్కారు దవాఖానలో ఆయాగా పనిచేసే ఆమె ముందుకు వచ్చి నిలబడింది. అందరూ ఆయమ్మ అనేవాళ్ళు. పొద్దున్నే చర్చికి పోయి, ప్రార్థన ముగించుకుని, తెల్ల చీర నలగకుండా క్లాసుకు వచ్చేది. ఆమె గొంతు వార్డు ఈ చివర నుంచి ఆ చివరకు వినబడే గొంతు. ఆమె ఉన్న వార్డులో రోగులు దగ్గడానికి కూడా అనుమతి అడుగుతారని క్లాసులో చెప్పుకునేవాళ్ళు.

ఇక ఇంగ్లండు, ఫ్రాన్సుల కొసన ముందు నిలబడింది గాజులకోడలు. చార్మినార్ దగ్గర గాజుల దుకాణం వాళ్ళది. గట్టిగా మాట్లాడితే గాజులు పగులుతాయేమో అన్నంత మెల్లగా మాట్లాడేది. ఆమె వెంట ప్రతి ఆదివారం అత్త కూడా వచ్చేది. కోడలు చదువుకోవడం ఆమెకు ఇష్టం లేదు. "ఈ వయసుల చదివి ఏ కలెక్టరైతది మేడం" అని మొదటి రోజే నన్ను అడిగింది. అయినా ఒంటరిగా పంపడం ఇష్టం లేక తోడు వచ్చి, వరండాలో చాప పరుచుకుని కూర్చునేది. ఖాళీగా కూర్చునే రకం కాదు. అట్టపెట్టెల్లో గాజులు తెచ్చి, విరామంలో అందరికీ అమ్మేది. ఆ రోజు కూడా ఆట మొదలు కాకముందే అటూ ఇటూ తిరిగి, జర్మనీకి ఎర్ర గాజులు, రష్యాకు ఆకుపచ్చ గాజులు చూపించింది.

"మీరు ఎవ్వల దిక్కన్న ఉండుండ్రి. కొట్టుకొనుండ్రి, గుద్దుకొనుండ్రి. నాకు అందరు సమానం" అంది.

నా లెక్క ప్రకారం కాసేపు లాగాక నేను విజిల్ ఊదాలి, అప్పుడు రష్యా తాడు వదలాలి. మళ్ళీ ఊదినప్పుడు, నేను ముందే చెప్పి పెట్టుకున్న నలుగురైదుగురు వచ్చి పడమటి తాడు పట్టుకోవాలి. వాళ్ళు అమెరికా. విజిల్ మెడలో వేసుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాను.

లాగడం మొదలైంది. రెండు తాళ్ళూ కర్రల్లా బిగుసుకున్నాయి. ఎవరూ కదలరు. పళ్ళు బిగబట్టి, మడమలు మట్టిలో తన్నిపెట్టి, అందరూ ఉన్నచోటే ఊగుతున్నారు. మొదట్లో నవ్వులు, కేకలు వినిపించాయి. తర్వాత ఆయాసం మాత్రమే వినిపించింది. కందకాల యుద్ధం గురించి నేను వారం వారం చెప్పినదానికన్నా, చప్పుడు లేని ఆ కాసేపే ఎక్కువ చెప్పిందని నాకు అనిపించింది.

ఉల్లిగడ్డల అక్క ఊరుకోలేదు. వరండా మెట్టుకు కాలు తన్నిపెడితే పట్టు దొరుకుతుందని కనిపెట్టి, జట్టునంతా మెల్లగా అటు జరిపింది. వరండా మెట్టు మీద గాజుల పెట్టెలున్నాయి.

"ఓ పిల్లా, గీడ పెట్టెలున్నయ్. జర దూరం" అంది అత్త.

"సరే అత్తమ్మా" అని జర్మనీ కాస్త జరిగింది. రెండు ఊపిరులు తీసుకుని మళ్ళీ వచ్చింది.

"చెప్తున్న. ఇగ మంచిగుండది."

"పోతున్నం, పోతున్నం."

మూడోసారి అక్క మడమ సూటిగా ఒక పెట్టె మీద దిగింది. కరకరమని చప్పుడైంది. అట్టపెట్టె మూత వేసి ఉండటంతో ముక్కలు బయటికి రాలేదు, ఎవరి కాలికీ గుచ్చుకోలేదు. అత్త మాత్రం చాలాసేపు ఆ పెట్టె వైపు చూసింది. తర్వాత లేచి నిలబడింది.

"మేడం, నేను గూడ ఆడొచ్చునా?"

"ఆడొచ్చు. ఏ వైపు ఉంటారు?"

"గా ఉల్లిగడ్డలదానికి ఎదురు ఏ దిక్కుంటే గా దిక్కు."

అమెరికా సరుకు ఓడలను జర్మనీ జలాంతర్గాములు ముంచేయడం, ముంచనని మాటిచ్చి మళ్ళీ ముంచడం గురించి నేను చెప్పాలనుకున్న పేరా ఒకటుంది. అది చెప్పే అవసరం లేకపోయింది.

కానీ అత్త వెంటనే రాలేదు. ముందు కళ్ళజోడు తీసి గుడ్డలో చుట్టి పెట్టింది. మిగిలిన పెట్టెలన్నీ లోపలి గదిలో పెట్టి గొళ్ళెం వేసింది. నల్లా దగ్గర మొహం కడుక్కుంది. బీపీ మాత్ర వేసుకుంది. పడమటి కొస నుంచి కోడలు వెనక్కి తిరిగి తిరిగి చూస్తోంది. "వస్తున్న, ఆగు, ఏం తొందర" అంటూ అత్త గేటు వైపు నడిచింది. యుద్ధం ప్రకటించిన అమెరికా ఏడాది దాకా పెద్ద సైన్యాన్ని దింపలేకపోయిందని పుస్తకంలో చదివినప్పుడు నాకు విసుగ్గా ఉండేది. బీపీ మాత్రలు కూడా వేసుకోవాలి కదా అని ఆ రోజు అర్థమైంది.

ఈలోగా తూర్పున కథ వేరుగా నడిచింది. ఆయమ్మ తాడు పట్టుకోలేదు. పక్కన నిలబడి చప్పట్లు కొడుతూ, "గుంజుండ్రి, గుంజుండ్రి, ఏం తిన్నరు పొద్దుగాల" అని అరుస్తోంది. ఒకామె మంచినీళ్ళు తాగి వస్తానంటే పోనివ్వలేదు. "గెల్సినంకనే నీళ్ళు. గెల్సినంకనే డబ్బాలు" అంది. ఆ జట్టు చివరన ఒక దర్జీ పనిచేసే ఆమె ఉండేది. క్లాసులో ఎప్పుడూ నోరు తెరిచింది లేదు. ఆమె తాడు వదిలి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, చల్లగా కింద కూర్చుంది.

"ఏంది, కూసున్నవ్?" అంది ఆయమ్మ.

"ఆకలైతుంది."

"లెవ్వు. అందరు గుంజుతున్నరు."

"నువ్వు గుంజుతలేవు గదక్కా. గుంజు గుంజు అంటున్నవ్ గంతే."

 ఆ మాట విని ఆమె పక్కనామె కూర్చుంది. ఆ పక్కనామె కూర్చుంది. నేను విజిల్ నోట్లో పెట్టుకున్నానే గానీ ఊదనే లేదు. చూస్తూ చూస్తూ ఉండగానే రష్యా మొత్తం నేల మీద ఉంది. ఆయమ్మ గబుక్కున తాడు అందుకుని ఒక్కతే లాగింది. జర్మనీ ఆమెను నాలుగడుగులు ఈడ్చింది. తెల్ల చీర అంచుకు మట్టి అంటింది. తాడు వదిలేసి, చేతులు దులుపుకుని, దూరంగా పోయి నిలబడింది.

కూర్చున్నవాళ్ళు అన్నం డబ్బాలు తెచ్చుకున్నారు. అక్కడ ఇంకో తగవు మొదలైంది. అన్ని డబ్బాలూ నడుమ పెట్టి అందరం పంచుకుందామని దర్జీ ఆమె అంది. "నేను మటన్ తెచ్చుకున్న, నువ్వు పచ్చిపులుసు తెచ్చినవ్. ఎట్ల పంచుకుంటం?" అని ఇంకొకామె డబ్బా ఒళ్ళో పెట్టుకుంది. వాళ్ళ గొంతులు పెరిగాయి. తాడు సంగతి రష్యా పూర్తిగా మరిచిపోయింది.

జర్మనీలో తూర్పు వైపున్న సగం మందికి ఒక్కసారిగా పని లేకుండా పోయింది. ఉల్లిగడ్డల అక్క వెనక్కి చూసింది, పరిస్థితి అర్థం చేసుకుంది. "గాడ ఏం చేస్తున్నరు, ఇటు రాండ్రి, అందరు ఇటు రాండ్రి" అని పిలిచింది. వాళ్ళంతా వచ్చి పడమటి తాడు మీద పడ్డారు. అప్పటిదాకా కదలని తాడు జరజరా కదిలింది. ఇంగ్లండు, ఫ్రాన్సు కాళ్ళు మట్టిలో గీతలు పెడుతూ ముగ్గు గీత వైపు జారుతున్నాయి. కోడలు అరచేతులు ఎర్రగా కందిపోయాయి. ఇంకాస్త లాగితే అయిపోయేది.

అప్పుడు కోడలు అరిచింది. "అత్తమ్మా, ఇగ రాండ్రి. రాకుంటే ఒడిసింది."

ఆమెకు అంత గొంతు ఉందని ఆ రోజే తెలిసింది. నాకే కాదు, అత్తకు కూడా. గేటు దగ్గర ఆమె ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. అక్కలనో వదినెలనో ఇంటికి తీసుకుపోవడానికి వచ్చి గేటు బయట కబుర్లు చెప్పుకుంటున్న ఆడవాళ్ళను వెంటేసుకుని వచ్చింది. నేను ముందే మాట్లాడి పెట్టుకున్న అమెరికా ఒక మూల నిలబడి నా విజిల్ కోసం చూస్తూనే ఉంది. దానితో ఎవరికీ పని పడలేదు. అత్త కొంగు నడుముకు బిగించి, కోడలి వెనకే తాడు పట్టుకుంది. ఆమె వెనక మిగిలినవాళ్ళు వరుసగా పట్టుకున్నారు.

తాడు ఆగింది. కాసేపు అటూ ఇటూ వణికింది. జర్మనీ గట్టిగానే పట్టుకుంది. కానీ వాళ్ళు పొద్దుటి నుంచి లాగుతున్నారు, వీళ్ళు ఇప్పుడే వచ్చారు. "హై హై" అని అత్త పాట లాగా అందుకుంటే వెనకవాళ్ళు అందుకున్నారు. ముందు ఒక వేలెడంత, తర్వాత జానెడు, తర్వాత అడుగు. జర్మనీ చివరన ఉన్న ఆమె రష్యా వైపు చూసి, "అక్కా, ఆళ్ళు తింటున్నరు. నాతోని గాదు" అని తాడు వదిలేసింది. ఆమెను చూసి ఇంకొకామె వదిలింది. ఉల్లిగడ్డల అక్క అంత లావు మనిషి ఒక్కసారిగా చతికిలబడింది. లాగుతున్నవాళ్ళు కూడా వెనక్కి పడ్డారు. గేటు నుంచి వచ్చినవాళ్ళ మీద అత్త పడింది, అత్త ఒళ్ళో కోడలు పడింది.

అందరం గోడ నీడలో కూర్చున్నాం. డబ్బాల తగవు ఎలాగో సద్దుమణిగింది. మటన్ ఆమె రెండు ముక్కలు పక్కకు తీసి దాచుకుని, మిగిలింది నడుమ పెట్టింది. నేను పాఠం మొదలుపెట్టబోతే ఉల్లిగడ్డల అక్కే అందుకుంది.

"మేడం, నాకు సమజైంది. రష్యా కూసున్నప్పుడు నేనే గెలుస్తననుకున్న. గా ఖుషీల ఉన్న బలమంత పెట్టేసిన. అలిసిపోయిన సంగతి నాకే ఎరుక లేదు. గప్పుడు ఈళ్ళు వచ్చిండ్రు. పోయినోళ్ళు అలిసినోళ్ళు, వచ్చినోళ్ళు అలవనోళ్ళు. లెక్క బరాబర్ ఎట్లయితది?"

నిజంగా కూడా అలాగే జరిగిందని చెప్పాను. రష్యా తప్పుకున్నాక జర్మనీ తన సైన్యాన్ని పడమటికి తరలించింది. వసంతకాలంలో పెద్ద దాడి చేసి పారిస్ దగ్గర దాకా వచ్చింది. గెలుపు చేతికి అందినట్టే కనబడింది. ఆ దాడిలోనే దాని ఓపిక ఖర్చయిపోయింది. అప్పటికి అమెరికా కుర్రాళ్ళు ఓడల్లో దిగుతూనే ఉన్నారు. చివరికి జర్మనీలోనే నావికులు ఓడలు కదిలించేది లేదని మొండికేశారు. అక్కడా జనం వీధుల్లోకి వచ్చారు, చక్రవర్తి కైజరు దేశం వదిలిపోయాడు.

"రష్యాల ముందుగాల ఎవ్వలు కూసున్నరు?" అని దర్జీ ఆమె అడిగింది. అది క్లాసులో ఆమె అడిగిన మొదటి ప్రశ్న.

రొట్టెల కోసం చలిలో గంటల తరబడి వరుసల్లో నిలబడిన ఆడవాళ్ళు, మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్ళు వీధుల్లోకి వచ్చారని చెప్పాను. వాళ్ళ వెంట మగవాళ్ళు వచ్చారు. కాల్చమని సైనికులకు ఆజ్ఞ వస్తే, కొన్నాళ్ళకు సైనికులే తుపాకులు దించారు. ఇది చెప్పేటప్పుడు తినే చేతులు ఆగాయి. రేషన్ దుకాణం ముందు సంచీ పట్టుకుని నిలబడనివాళ్ళు ఆ గుంపులో ఎవరూ లేరు.

"మరి ఆళ్ళ రాజు జార్ ఏమైండు?" అని ఎవరో అడిగారు.

"సింహాసనం దిగిపోయాడు. తర్వాత ఇంటిల్లిపాదినీ చంపేశారు."

అందరి తలలూ ఒకేసారి ఆయమ్మ వైపు తిరిగాయి.

"నన్నెందుకు గట్ల చూస్తున్నరు?" అంది ఆయమ్మ. అప్పటిదాకా ఆమె కాస్త దూరంగా, తినకుండా కూర్చుంది. దర్జీ ఆమె లేచి వెళ్ళి, ఒక రొట్టెలో కూర పెట్టి ఆమె చేతికిచ్చింది. ఆయమ్మ తీసుకుంది. సగం తిన్నాక, "ఉప్పు తక్కువుంది" అంది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

అత్తకు ఇంకో సందేహం ఉంది. "గెల్సినంక అమెరికా ఏం చేసింది?"

"ఇంటికి వెళ్ళి తలుపేసుకుంది. మీ గొడవలు మీరే చూసుకోండి అంది."

"మంచిగ చేసింది" అంది అత్త.

కానీ ఆమె అలా చేయలేదు. మరుసటి ఆదివారం చాప వరండాలో పరచకుండా నేరుగా క్లాసులోకి వచ్చి కోడలి పక్కన బెంచీ మీద కూర్చుంది. నేను చెప్పే ప్రతి దానికీ ఒక మాట కలిపేది. సంధి షరతులు చెబుతుంటే, "గంత గనం శిక్షేస్తే ఆళ్ళు మల్ల లొల్లికొస్తరు మేడం, జర తగ్గియ్యుండ్రి" అని నాతోనే బేరమాడింది. కోడలు తల వంచుకుని కూర్చునేది. ఒకరోజు క్లాసయ్యాక నా దగ్గరికి వచ్చి, "మేడం, యుద్ధంలకైతే దింపితిమి. వాపస్ ఎట్ల పంపాలె?" అని మెల్లగా అడిగింది. ఆ ప్రశ్నకు చరిత్రలో మంచి జవాబు లేదని చెప్పాను.

ఆయమ్మ రెండు వారాలు రాలేదు. కోపం వచ్చిందేమోనని నాకు బెంగగానే ఉండింది. మూడో వారం వచ్చి, అందరూ వెళ్ళిపోయే దాకా ఆగి, తన వార్డు సంగతి చెప్పింది. అక్కడ ఊడ్చే, తుడిచే ఆడవాళ్ళు డ్యూటీలు మరీ వరసగా వేస్తున్నారని ఒక పొద్దున పని మానేసి మెట్ల మీద కూర్చున్నారట. వాళ్ళను లేపమని పైవాళ్ళు ఆయమ్మనే పంపించారట. మామూలుగా అయితే ఆమె గొంతు విని సగం మంది లేచేవాళ్ళు.

"ఏం చేశారు?" అన్నాను.

"పొద్దుగాల ఏమన్న తిన్నరా అని అడిగిన. తినలేదన్నరు. చాయ్, బన్ను తెప్పిచ్చిన. లెవ్వుమనలే. నేను గూడ పక్కకు కూసున్న." కొంగు సర్దుకుని, "గప్పటి సంది ఆళ్ళే ఒక్కొక్కలు చెప్పుడు షురూ చేసిండ్రు. గంత మంది గన్ని దినాల సంది నాతోని ఏం చెప్పలేదు మేడం. నేను అడగనే లేదు" అంది. ఆ మాటలు ఆమె పైకి చేరవేసిందట. డ్యూటీలు కొంత మారాయి, కొంత మారలేదు. ఆమె మీద పైవాళ్ళకు కాస్త చిరాకు కూడా వచ్చింది. "రానియ్యుండ్రి, ఫికర్ లేదు" అంది.

పరీక్షలు వచ్చాయి, పోయాయి. సోషల్ పేపర్లో 1917 గురించి ఒక్క ప్రశ్న కూడా రాలేదు. నానాజాతి సమితి గురించి అడిగారు. బయటికి వస్తూ ఉల్లిగడ్డల అక్క, "మేడం, ఆళ్ళు అడగకున్నా రాసిన, రెండు పేజీలు రాసిన" అంది. ఆమెకు సోషల్ గట్టెక్కింది, ఇంగ్లీషు పోయింది, మళ్ళీ పరీక్ష ఫీజు కడుతోంది. ఆయమ్మ, దర్జీ ఆమె, గాజులకోడలు పాసయ్యారు.

ఫలితాలొచ్చిన కొన్నాళ్ళకు చార్మినార్ వైపు పని పడి వాళ్ళ దుకాణానికి పోయాను. అత్తాకోడళ్ళు ఇద్దరూ గద్దె మీదే ఉన్నారు. ఒక పెళ్ళివాళ్ళు బేరమాడుతుంటే ఈమె ఒక మాట, ఆమె ఒక మాట అంటూ వాళ్ళకు ఊపిరి సలపకుండా చేస్తున్నారు. వాళ్ళు వెళ్ళాక అత్త నా చెయ్యి లాక్కుని, అడక్కుండానే ఆకుపచ్చ గాజులు ఎక్కించడం మొదలుపెట్టింది.

"ఇది ఇంటర్ గూడ చదువుతనంటుంది మేడం" అంది కోడలి వైపు చూపిస్తూ. "అండ్ల గూడ యుద్ధాలుంటయా?"

"ఉంటాయి. ఇంకా పెద్దవి."

"అయితే నేను గూడ వస్త. ఆదివారం వంట ఈడు చేస్తడు" అని, దుకాణం లోపల పెట్టెలు సర్దుతున్న కొడుకును గడ్డంతో చూపించింది.

ఆయన చేతిలో పెట్టెతో అలాగే తలెత్తాడు. "ఏంది?" అన్నాడు.

వాళ్ళిద్దరూ అప్పటికే ఇంకో గిరాకీతో మాట్లాడుతున్నారు.